చెరువు నిండిన నాడు

అనంతపురం పీఠభూమి మీద వాన కురవడమే ఒక విశేషం. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి మేఘాలు పడమటి కనుమలలోనే తమ బరువును చాలావరకు దించుకొంటాయి. బంగాళాఖాతం నుండి వచ్చే ఈశాన్య మేఘాలు కోస్తా మీద కురిసి, ఇంత దూరం చేరేసరికి పలుచబడిపోతాయి. రెండు ఋతుపవనాలకూ దూరపు చుట్టమైన ఈ సీమలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా సకాలంలో పడుతుందన్న నమ్మకం లేదు. విత్తిన తరువాత నెలరోజులకు పైగా చినుకు రాలకపోవచ్చు. పీకిన వేరుశనగ కట్టె పొలంలో ఆరుతున్నప్పుడు రెండు రోజులపాటు కుండపోతగా కురిసి కాయను కుళ్లబెట్టవచ్చు. ఇక్కడి రైతు ఆకాశాన్ని చూసే చూపులో ఆశ ఎంతో అనుమానమూ అంతే ఉంటుంది.

అటువంటి నేల మీద ఎన్నో ఏళ్లకు ఒకసారి చెరువు నిండి మరవ పారుతుంది. ఆ వార్త తెల్లవారేసరికి ఇంటింటికీ చేరుతుంది. పనులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఊరంతా కట్ట మీదికి నడుస్తుంది. స్త్రీలు పసుపు కుంకుమలు చల్లి, కొబ్బరికాయ కొట్టి గంగమ్మకు మొక్కుతారు. పిల్లలు మరవ నీళ్లలో దూకుతారు. చూపు ఆనని ముసలివారు మనుమల భుజం పట్టుకొని వచ్చి, నీటిని చూడలేకపోయినా దాని చప్పుడు వింటూ కూర్చుంటారు. ఆయకట్టు కింద సెంటు భూమి లేని కూలివాడి ముఖం కూడా ఆ రోజు వెలిగిపోతుంది. అతనికి ఆ నీటి వల్ల కలిగే లాభమేమిటని ఎవరూ అడగరు. ఆ ఆనందానికి అతడు అర్హుడా అనీ అడగరు. ఆనందం అతనికి కలిగింది, అంతే.

అయినా ఆ ప్రశ్న అడగదగినదే. ఆనందం దానికదే మంచిదా? లేక మంచివాడికి దక్కినప్పుడు మాత్రమే మంచిదవుతుందా? ఒకడు సంతోషంగా ఉన్నాడన్న ఒక్క విషయంలో నైతికమైన విలువ ఏమైనా ఉన్నదా? ఇది పండితులు తీరిక వేళ చర్చించుకొనే సమస్యగా కనిపిస్తుంది. కాని కరవు సీమలోని ప్రతి ఇంటా ఏదో ఒక రూపంలో ఈ సందేహం తలెత్తుతూనే ఉంటుంది. పొరుగింటి పైరు ఎండిపోయినప్పుడు తన పైరు పచ్చగా ఉన్నందుకు సంతోషించవచ్చునా? అప్పుల బాధతో యజమాని ప్రాణం తీసుకొన్న ఇంట్లో పండుగ చేసుకోవచ్చునా? చావు జరిగిన ఇంటి పసివాడు వాన చూసి నవ్వితే ఆ నవ్వును ఆపాలా?

లోకంలో సంతోషం పట్ల ఒక అనుమానం చిరకాలంగా ఉన్నది. నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు. పిల్లలు మితిమీరి నవ్వితే, ఇంత నవ్వు ఏడుపుకే అని పెద్దలు హెచ్చరిస్తారు. కష్టపడి పనిచేసేవాడిని మెచ్చుకొన్నట్లు సంతోషంగా ఉండేవాడిని ఎవరూ మెచ్చుకోరు. శ్రమకు, త్యాగానికి, సహనానికి ఉన్న గౌరవం సంతోషానికి లేదు. అది ఒక అదృష్టమే తప్ప గుణం కాదని అందరూ భావిస్తారు.

అయితే ప్రాచీనులు ఆనందాన్ని అల్పవిషయంగా చూడలేదు. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి ఆనందాన్ని గూర్చి ఒక విచారణ చేసింది. మనుష్యానందం మొదలుకొని బ్రహ్మానందం దాకా ఒకదానికంటె ఒకటి నూరు రెట్లు గొప్పదైన ఆనందాలను అది వరుసగా లెక్కించింది. ఆ లెక్కకు మొదటి ప్రమాణంగా తీసుకొన్నది ఒక యువకుణ్ణి. అతడు చదువుకొన్నవాడు, దృఢమైనవాడు, బలవంతుడు; భూమిలోని సంపద అంతా అతనిదే. ఇన్నింటితోపాటు అతడు సాధువై ఉండాలని కూడా ఆ విచారణ చెప్పింది. వయస్సు, విద్య, బలం, ధనం ఉంటే చాలుననుకోలేదు. మంచితనాన్ని కూడా ఆనందపు కొలతలో చేర్చింది. ఆనందానికి, మంచితనానికి సంబంధమున్నదన్న ఆలోచన అంత పాతది.

ఆ సంబంధం ఎటువంటిదన్న విషయంలో పాశ్చాత్య తత్త్వవేత్తలు రెండు దారులు పట్టారు. 1789లో వెలువడిన తన గ్రంథంలో ఇంగ్లండుకు చెందిన జెరెమీ బెంథామ్, సుఖం ఎవరిదైనా సుఖమేనని వాదించాడు. పరుల కీడు తలచి పొందే సుఖం కూడా, దాన్ని మాత్రమే విడిగా చూస్తే మంచిదేననీ, దాని వెంట వచ్చే దుఃఖం వల్లనే అది చెడ్డదవుతుందనీ అతని మతం. అంతకు నాలుగేళ్లముందు, 1785లో, జర్మనీకి చెందిన ఇమాన్యుయేల్ కాంట్ ఇందుకు భిన్నమైన మాట చెప్పాడు. ఏ షరతూ లేకుండా మంచిదని చెప్పదగినది సత్సంకల్పం ఒక్కటేననీ, అది ఏ కోశానా లేనివాడు ఎడతెగని సౌఖ్యంలో తేలియాడుతుంటే నిష్పక్షపాతంగా చూచేవాడికి అది రుచించదనీ అన్నాడు. ఒకరి దృష్టిలో ఆనందమే మంచికి మూలం. మరొకరి దృష్టిలో మంచితనమే ఆనందానికి అర్హతాపత్రం.

ఈ రెండు వాదాలనూ కరవు నేల మీద నిలబెట్టి చూడవచ్చు. అందుకు బోరుబావిని మించిన పరీక్ష లేదు.

ఒక రైతు బోరు వేయించాలనుకొంటాడు. నీళ్లు చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడిన చోట ముగ్గు వేసి గుర్తు పెడతారు. బోరు బండి వస్తుంది. రాతిపొడి తెల్లగా ఎగజిమ్ముతుంది. అడుగు అడుగుకూ అప్పు పెరుగుతుంది. వేయి అడుగులు దాటిన బోర్లు కూడా ఈ సీమకు కొత్త కాదు. ఆఖరికి పొడి తడిసి బురదై, దాని వెనుకనే నీరు ఉబికి వచ్చినప్పుడు ఆ రైతు పడే సంతోషం మాటలకు అందేది కాదు. ఎండిపోవడానికి సిద్ధంగా ఉన్న చీనీ తోట బతుకుతుంది. కూతురి పెళ్లి ఆగకుండా జరుగుతుంది. కొడుకు చదువు మానవలసిన అవసరం రాదు.

కొన్నాళ్లకు పక్క పొలంలోని పాత బోరు గుక్కలు గుక్కలుగా పోసి ఆగిపోతుంది. భూమి పైన గట్లు ఉన్నాయి గాని భూమి లోపల లేవు. ఒకరు లోతుకు పోతే మరొకరి నీరు అటు జారుతుంది. ఒకరి ఇంట దీపం వెలిగితే మరొకరి ఇంట ఆరిపోతుంది.

మొదటి రైతు ఆనందం విలువలేనిదా? బోరులో నీరు పడిన క్షణంలో అతని మనస్సులో పొరుగువాడిని చెరచాలన్న తలపు లేదు. తన బిడ్డలు బతుకుతారన్న తలపే ఉన్నది. ఆ సంతోషాన్ని తప్పుపట్టలేము. తప్పు ఎక్కడైనా ఉంటే అది నీటిని తోడిన తీరులో ఉంటుంది. పొరుగు బావి సంగతి తెలిసిన తరువాత కూడా లెక్కచేయకపోవడంలో ఉంటుంది. ఒకవేళ అదే నీరు పొరుగువాడికి నష్టం కలిగించకుండా దొరికి ఉంటే, ఆ ఆనందం నూటికి నూరుపాళ్లూ మంచిదని అందరూ ఒప్పుకొంటారు. అంటే ఆనందంలో దోషం లేదు. దానిని చేరిన దారిలో ఉన్నది. అందుకే 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం కొత్త బోర్లకు అనుమతి, పాత నీటివనరులకు తగినంత దూరం ఉండాలని నిర్దేశించింది. చట్టం రైతు ఆనందాన్ని కొలవదు. బావికీ బావికీ మధ్య ఉన్న దూరాన్ని కొలుస్తుంది.

అనంతపురం ప్రాంతంలోని కొన్ని గ్రామాలలో రైతులు దీనికి మరొక మార్గం కనుగొన్నారు. బోరు ఉన్నవారూ లేనివారూ ఒకచోట కూర్చుండి ఒప్పందం చేసుకొన్నారు. కొత్త బోర్లు వేయరాదనుకొన్నారు. ఉన్న నీటిని గొట్టాల ద్వారా అందరి పొలాలకూ మళ్లించి, ఎండిపోతున్న పైరుకు ఒకటి రెండు తడులు అందించుకొన్నారు. బోరున్న రైతు కొంత నీటిని వదులుకొన్నాడు. కాని పొరుగువాడి ముఖం చూడలేక తలదించుకొనే అవసరం అతనికి తప్పింది. ఆ విధంగా దక్కిన సంతోషానికి వెనుక భయం లేదు.

అయితే ఒక రకపు సంతోషాన్ని మాత్రం దారి నుండి విడదీసి చూడలేము. పొరుగువాడి బోరు ఎండిపోవడమే చూసి మురిసిపోయేవాడు ఉంటాడు. అతని సంతోషానికి ఆహారం ఎదుటివాడి దుఃఖమే. బెంథామ్ చెప్పినట్లు దాన్ని మాత్రమే విడిగా చూద్దామన్నా సాధ్యం కాదు. దుఃఖాన్ని తీసివేస్తే ఆ సంతోషమే మిగలదు. ఇక్కడ కాంట్ మాటే నిజమనిపిస్తుంది. కాని మరికొంత లోతుకు పోయి ఆలోచిస్తే, ఆ మురిపెం ఎందుకు నీచమైనదో తెలుస్తుంది. పొరుగువాడి సుఖానికి ఒక విలువ ఉన్నది. ఆ విలువను కాలదన్నడం వల్లనే అది నీచమైనది. ఇతరుల సంతోషానికి విలువే లేకపోతే, వారి దుఃఖానికి మురిసిపోవడంలో తప్పేమున్నది? చెడ్డ సంతోషాన్ని ఖండించడానికి కూడా సంతోషానికి విలువ ఉన్నదని ముందుగా ఒప్పుకోక తప్పదు.

ఇక అర్హత సంగతి. సంతోషం మంచివారికే చెల్లుతుందన్న మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. దాన్ని పరీక్షించడానికి అనంతపురం చెరువు కట్ట మీదనే ఒక కథ ఉన్నది.

పద్నాలుగవ శతాబ్దంలో విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు ఇక్కడ పెద్ద చెరువును కట్టించాడని చెబుతారు. దానికి ఒక కొసన అనంతపురం, మరొక కొసన బుక్కరాయసముద్రం వెలిశాయి. ఒకానొక కాలంలో పెద్ద వాన కురిసి ఆ చెరువు కట్టకు గండి పడింది. ఊళ్లు కొట్టుకొనిపోయే ప్రమాదం వచ్చింది. బుక్కరాయసముద్రంలోని బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే గండి పూడుతుందని దేవత పలికింది. పేరు ముసలమ్మే గాని ఆమె పడుచు ఇల్లాలు. ఆమె అత్తమామలకు మొక్కి, భర్త వద్ద, పసిబిడ్డ వద్ద సెలవు తీసుకొని గండిలోకి నడిచి వెళ్లింది. కట్ట నిలిచింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1853లో వెలువరించిన అనంతపుర చరిత్రలో ఈ కథ ఉన్నది. దాన్ని ఆధారం చేసుకొని కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థి దశలో, 1899లో, ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యాన్ని రచించారు. ఆ చోటును నేటికీ ముసలమ్మ కట్ట అని పిలుచుకొంటారు.

కథలో చరిత్ర ఎంతో, విశ్వాసం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. కాని దానిలోని ఆలోచన మాత్రం స్పష్టమైనది. గండికి అడ్డంగా నడిచిన నాడు ముసలమ్మ ఊరివారి యోగ్యతను విచారించలేదు. ఆ ఊళ్లలో దయామయులు ఉండి ఉంటారు. వడ్డీ మీద వడ్డీ గుంజినవారూ ఉండి ఉంటారు. ఊయలలోని పసిపిల్లలు మంచివారూ కారు, చెడ్డవారూ కారు. వీరందరి బతుకులో ఉన్న సుఖం కాపాడదగినదని ఆమె అనుకొన్నది. ఎవరు అర్హులో తేల్చిన తరువాతనే రక్షిస్తానని ఆమె ఆగి ఉంటే, కట్ట ఎన్నడూ నిలిచేది కాదు. ఆమె త్యాగానికి అర్థం ఉన్నదంటే ఇతరుల సంతోషానికి, అది సంపాదించుకొన్నది కాకపోయినా, విలువ ఉన్నట్లే.

త్యాగం గొప్పదని అందరూ అంటారు. కాని త్యాగం దేనికోసం? మానవులెవరూ సంతోషించలేని లోకంలో త్యాగానికి ఫలం ఏముంటుంది? పూర్వులు సప్తసంతానాలలో చెరువును ఒకటిగా చెప్పారు. కడప సీమలోని పోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఒక చెరువును కట్టించాడు. అక్కడి 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలను, ఉండరాని దోషాలను వివరించింది. రోజుకు వేయిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్లు చెప్పింది. అంత శ్రమను పుణ్యమని ఎందుకన్నారు? రాళ్లు మోయడం పుణ్యం కాదు; మట్టి పోయడం పుణ్యం కాదు. ఆ నీటితో ఎవరి దప్పికో తీరుతుంది, ఎవరి పైరో పండుతుంది, ఎవరి ఇంటనో నవ్వు పుడుతుంది. ఆ నవ్వు ఉన్నది గనుకనే ఆ మట్టి పుణ్యమైనది. పుణ్యం వల్ల ఆనందం కలుగుతుందని లోకం అంటుంది. దాన్ని తిరగవేసి, ఆనందం వల్లనే పుణ్యానికి పుణ్యమన్న పేరు వచ్చిందని కూడా అనవచ్చు.

అయితే ముసలమ్మ కథకు మరొక ముఖం ఉన్నది. ఒక పడుచు ప్రాణం ఇస్తే వేలమంది సుఖపడతారన్న లెక్క న్యాయమేనా? సంతోషాన్ని కూడికలు, తీసివేతలతో తూచడం మొదలుపెడితే ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. వేయిమంది సుఖం ఒకరి దుఃఖం కంటె బరువైనదని తేల్చి, ఆ ఒక్కరిని గండిలోకి నెట్టవచ్చు. అలా నెట్టబడేవారు సాధారణంగా ఎదురు చెప్పలేనివారే. కోడళ్లు, కూలీలు, దిక్కులేనివారు. తనంతట తాను ఇచ్చినది దానం. ఇతరులు కోరి తీసుకొన్నది దోపిడీ. ఆనందానికి విలువ ఉన్నదంటే, గండిలో పడేవారి ఆనందానికి కూడా అంతే విలువ ఉన్నదని అర్థం. ఆ ఒక్క ముఖాన్ని మరచిపోయిన లెక్క ఎంత పెద్దదైనా తప్పుడు లెక్కే.

ఆనందానికి విలువ ఇవ్వడంలో ఇంకొక పొరపాటు కూడా జరుగుతుంది. ఎండాకాలంలో మైళ్ల దూరం నడిచి నీళ్లు తెచ్చుకొనే స్త్రీని బాగున్నావా అని అడిగితే, బాగానే ఉన్నామని నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వు అబద్ధం కాదు. బిందె దింపిన తరువాత అరుగు మీద తోటివారితో పలికే నాలుగు మాటలలో ఆమెకు నిజమైన సంతోషమే ఉన్నది. కాని ఆ నవ్వును చూపించి, ఆమెకు కుళాయి అవసరం లేదని ఎవరైనా అంటే అది అన్యాయం. 1998లో నోబెల్ బహుమతి పొందిన అమర్త్యసేన్ ఈ విషయాన్ని తన రచనలలో పదేపదే గుర్తుచేశారు. చిరకాలంగా లేమిలో ఉన్నవారు బతకడం కోసం తమ కోరికలను చిన్నవి చేసుకొంటారనీ, అందువల్ల వారి సంతృప్తిని మాత్రమే కొలమానంగా తీసుకొంటే వారికి జరిగిన అన్యాయం కనిపించకుండా పోతుందనీ ఆయన వాదన. కోరిక కురచబడినంత మాత్రాన హక్కు కురచబడదు.

దీనివల్ల తేలేదేమిటి? ఆనందం విలువైనది. కాని అది ఒక్కటే విలువైనది కాదు. న్యాయం, స్వేచ్ఛ, ఆత్మగౌరవం కూడా విలువైనవే. ఒకదాన్ని చూపించి మరొకదాన్ని ఎగవేయరాదు. పేదవాడి చిరునవ్వు అతని సొంత ఆస్తి. దానిని ఇతరులు తమ బాధ్యత నుండి తప్పించుకోవడానికి సాక్ష్యంగా వాడుకోరాదు.

ఇక్కడ విలువ వేరు, యోగ్యత వేరని గుర్తించాలి. సంతోషంగా ఉన్నంత మాత్రాన ఎవడూ మంచివాడు కాడు. చెరువు నిండినందుకు పొంగిపోయినవాడికి దానివల్ల పుణ్యం ఏమీ రాదు. అలాగే దుఃఖంలో ఉన్నంత మాత్రాన ఎవడూ పుణ్యాత్ముడు కాడు. ఆనందం మనిషికి యోగ్యతను ఇవ్వదు. కాని మనుషుల యోగ్యతను కొలవడానికి ఆనందం కావాలి. ఇతరుల సంతోషానికి ఎవరు ఎంత పాటుపడ్డారు, ఎవరు ఎంత అడ్డుపడ్డారు అన్నదే చివరికి వారి మంచిచెడ్డలను చాలావరకు తేలుస్తుంది. కాంట్ కూడా తరువాతి కాలంలో, 1797 నాటి గ్రంథంలో, మనిషికి రెండు లక్ష్యాలు విధులని చెప్పాడు. ఒకటి తనను తాను ఉన్నతుణ్ణి చేసుకోవడం. రెండవది ఇతరుల సంతోషానికి తోడ్పడడం. సంతోషం కంటె సత్సంకల్పాన్నే మిన్నగా ఎంచిన తత్త్వవేత్త సైతం చివరకు పరుల సంతోషం ముందు తలవంచక తప్పలేదు.

1969లో స్పెయిన్ దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం చేరినప్పుడు ఈ జిల్లా కరవుకు మారుపేరుగా ఉండేది. 2009లో కన్నుమూసేవరకు, నలభై ఏళ్లపాటు, ఆయన గ్రామీణాభివృద్ధి సంస్థ ద్వారా ఇక్కడి పేదలకోసం పనిచేశాడు. బావులు, చెక్ డ్యాములు, ఇళ్లు, బడులు, ఆసుపత్రులు ఆ కృషిలో నుండి పుట్టినవే. సముద్రాల కవతల పుట్టినవాడికి ఈ ఊళ్ల సంతోషంతో పనేమిటి? చుట్టరికం లేదు, చిన్నప్పటి భాష కాదు. ఎవరిదో తెలియని మనిషి ఆనందం కూడా తన శ్రమకు తగినంత విలువైనదన్న నమ్మకం లేకపోతే, ఒక జీవితకాలాన్ని ఎవరూ ఇలా వెచ్చించరు.

మొదట అడిగిన ప్రశ్నలలో ఒకటి ఇంకా మిగిలి ఉన్నది. అది అన్నింటికంటె కఠినమైనది. పంట పోయి, అప్పు తీరక, యజమాని పురుగుల మందు తాగి మరణించిన ఇళ్లు ఈ సీమలో ఉన్నాయి. అటువంటి ఇంట్లో ఏడాది తిరగకముందే వాన వస్తుంది. అతడు బతికి ఉండగా రాని వాన, అతడు పోయిన తరువాత ధారాపాతంగా కురుస్తుంది. పసివాడు వాకిట్లోకి ఉరికి, రెండు చేతులూ చాచి గిరగిర తిరుగుతూ నవ్వుతాడు. లోపలి నుండి తల్లి గసురుతుంది. ఆ గసురులో కోపం లేదు, భయం ఉన్నది. ఈ ఇంట్లో నవ్వు వినిపిస్తే పోయినవాడికి అపచారం జరుగుతుందేమోనన్న భయం. ఇరుగుపొరుగువారు ఏమనుకొంటారోనన్న భయం. మరికొంత లోతున, తనకు కూడా ఆ వాన చల్లగా తగిలి, ఒక్క క్షణం మనస్సు తేలికపడిందన్న అపరాధభావం.

ఆమె తప్పు చేయలేదు. పసివాడూ తప్పు చేయలేదు. దుఃఖం ప్రేమకు గుర్తే గాని, ప్రేమకు దుఃఖం ఒక్కటే గుర్తు కాదు. పోయినవాడు పొలంలో ఎండకు కాగింది, బోరు కోసం అప్పు చేసింది, రాత్రిళ్లు నిద్ర లేకుండా గడిపింది ఆ పిల్లవాడు ఇలా నవ్వాలనే కదా. తండ్రి చూడలేకపోయిన వానను కొడుకు చూస్తున్నాడు. ఆ నవ్వును ఆపితే తండ్రి పడిన కష్టానికి మిగిలిన ఒక్క ఫలాన్నీ కాదన్నట్లవుతుంది. మృతుడి జ్ఞాపకం ఆ ఇంట్లో ఎన్నాళ్లైనా ఉంటుంది. నవ్వు దానిని తుడిచివేయదు. కన్నీటికి ఉన్నట్లే నవ్వుకు కూడా ఆ ఇంట్లో చోటున్నది.

ముసలమ్మ విడిచి వెళ్లిన బిడ్డ సంగతి ఏమైనదో తెలియదు. కాని ఊహించడం కష్టం కాదు. తల్లి నిలబెట్టిన కట్ట మీదనే ఆ బిడ్డ నడక నేర్చి ఉంటుంది. ఒకనాడు చెరువు నిండి మరవ పారుతుంటే, ఊరి పిల్లలతోపాటు నీటిలో దూకి కేరింతలు కొట్టి ఉంటుంది. అది చూచిన పెద్దలలో ఎవరైనా, తల్లి ప్రాణం పోయిన చోట ఈ ఆటలేమిటని మందలించి ఉండవచ్చు. ఆ పెద్దల కంటె ఆ బిడ్డకే సత్యం బాగా తెలుసు. ఆ కేరింత కోసమే తల్లి ఆ గండిలోకి నడిచింది.

అనంతపురం పీఠభూమి మీద మళ్లీ ఏదో ఒక ఏడు చెరువు నిండుతుంది. ఊరంతా కట్ట మీదికి చేరుతుంది. భూమి ఉన్నవారు, లేనివారు, గత ఏడు నష్టపోయినవారు, ఇంట్లో మనిషిని పోగొట్టుకొన్నవారు పక్కపక్కనే నిలబడి నీటిని చూస్తారు. ఆ సంతోషాన్ని ఎవరి యోగ్యతకూ బహుమానంగా లెక్కకట్టవలసిన పని లేదు. అది కలగడమే మంచిది. ఆ నీరు చివరి మడి దాకా పారేటట్లు కాలువ పూడిక తీయడం మాత్రం మరునాటి ఉదయం నుండి అందరి బాధ్యత.